పక్కింటి గోడ

రాజరత్నం ముప్ఫై ఏళ్ళపాటు ప్లాన్లు గీశాడు. వాటిలో ఒక్కదాని మీదా అతని పేరు లేదు. నరసాపురంలో పుట్టి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇరవై రెండో ఏట రాజమండ్రి వచ్చి నరసింహమూర్తిగారనే ఇంజినీరు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా కుదిరాడు. దానవాయిపేటలో, ఇన్నీసుపేటలో ఆ ఆఫీసు కట్టించిన మేడల్లో సగానికి పైగా రాజరత్నం చేతి గీతలే. మొదట్లో ట్రేసింగ్ కాగితం మీద ఇంకు పెన్నుతో గీసేవాడు, తరవాత కంప్యూటర్ నేర్చుకున్నాడు. కింద కుడివైపు మూల సంతకం మాత్రం ఎప్పుడూ ఇంజినీరుగారిదే. అందుకు అతనికి పెద్దగా బాధ లేదు. లూథరన్ చర్చి క్వయర్లో పాడేటప్పుడు కూడా వెనక వరసలోనే నిలబడేవాడు.

కరోనా రెండో ఏడు నరసింహమూర్తిగారు పోయారు. ఆఫీసు మూతపడింది. రాజరత్నం భార్య ప్రిస్కిల్లా స్కూలు టీచరు. ఆవిడే పోరిపోరి అతని చేత సొంతంగా ప్లాన్ల మీద సంతకం పెట్టే లైసెన్సుకి దరఖాస్తు పెట్టించింది. యాభై మూడో ఏట అతను ఒక మందుల షాపు మేడ మీద చిన్న గది అద్దెకి తీసుకుని, తలుపు మీద తన పేరు రాయించుకున్నాడు. రెండేళ్ళపాటు వచ్చినవన్నీ చిల్లర పనులే. ఒకరికి పై వాటా, ఇంకొకరికి ప్రహరీ, మరొకరికి మెట్లు ఇటునుంచి అటు మార్చడం.

అలాంటి రోజుల్లో పల్లంరాజుగారు వచ్చారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మనిషి. కోటిపల్లి బస్టాండు వెనక వీధిలో నలభై అయిదు అడుగుల వెడల్పు, తొంభై అడుగుల లోతు ఉన్న స్థలం కొన్నారు. పుష్కరాలకి ముందే అక్కడ హోటల్ లేవాలని ఆయన కోరిక.

"పెద్ద ఆర్కిటెక్టుల దగ్గరికి వెళ్ళానండి. వాళ్ళు గీసింది హైదరాబాదులో బాగుంటుంది. మన ఊరి ఎండా వానా తెలిసినోళ్ళు కావాలి నాకు" అన్నారాయన, కుర్చీలో కూర్చోకుండానే.

రాజరత్నం ఆ స్థలం చూసొచ్చి, ఆ రాత్రి అన్నం దగ్గర ఎంగిలి చేతిని అలాగే వదిలేసి కాగితం మీద గీతలు గీస్తుంటే ప్రిస్కిల్లా నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతన్ని అలా చూడలేదు.

అతనికి ఒక పట్టుదల ఉంది. వాళ్ళమ్మకి కేన్సర్ వస్తే విశాఖపట్నం తీసుకెళ్ళి, ఆసుపత్రి ఎదురుగా ఉన్న లాడ్జిలో పదకొండు రోజులున్నాడు. ఆ గదికి కిటికీ లేదు. లైటు వేస్తే పగలు, ఆపితే రాత్రి. "తెల్లారిందా రత్నం?" అని ఆవిడ గంటకోసారి అడిగేది. ఊళ్ళోకి వచ్చి హోటల్లో దిగేవాళ్ళలో సగంమంది సరదాకి రారని అతనికి అక్కడ తెలిసింది. ఆసుపత్రికో, కోర్టుకో, అస్థికలు కలపడానికో వస్తారు. అందుకని ఈ హోటల్లో ప్రతి గదికీ కిటికీ పెట్టాడు. స్థలం ఇరుకు కాబట్టి నడిమధ్య ఆకాశం కనిపించేలా చావడి అంత ఖాళీ వదిలి, దాని చుట్టూ మెట్లు తిప్పాడు. లోపలి గదులకి వెలుతురు అందులోంచి వస్తుంది. రెండు పక్కలా అయిదేసి అడుగులు వదిలాడు. కింద కార్లు నిలిపే చోటు, పైన నాలుగు అంతస్తులు, ఇరవై గదులు. డాబా మీద నిలబడితే గోదావరీ, రైలు వంతెనా కనిపిస్తాయి.

"రూముకి కిటికీ దేనికండి, ఏసీ ఉంటుంది గదా" అన్నారు పల్లంరాజుగారు.

"కిటికీ లేని గదిలో మనిషి రెండో రోజు ఉండలేడండి."

ఆయన కాసేపు కాగితం చూసి, "సరే, మీ ఇష్టం" అన్నారు. ఆయన మంచిమనిషే. ఒప్పించగలిగితే ఒప్పుకునేవారు. పిల్లర్ల లెక్కలు వేరే ఇంజినీరు చేత చేయించి, కార్పొరేషన్లో పెట్టించి, అనుమతి తెచ్చారు. ప్లాను కింద కుడివైపు మూలలో రాజరత్నం సంతకం పడింది.

ఆ స్థలానికి దక్షిణం పక్కన పాత పెంకుటిల్లు. నూకరత్నం అనే ఆవిడది. అరవై దాటిన వితంతువు, ఒక్కతే ఉండేది. వీధి అరుగు మీద పొయ్యి పెట్టి పొద్దుటిపూట ఇడ్లీ, పెసరట్టు వేసి అమ్మేది. కొడుకు కిరణ్ కుమార్‌ది సామర్లకోటలో పంచదార ఫ్యాక్టరీలో పని. రాజరత్నం కొలతలకి వెళ్ళిన మొదటి రోజే ఆవిడ ప్లేటు చేతిలో పెట్టింది.

"మీ పేరు రత్నమంట కదా ఇంజినీరుగారూ. నాదీ అదే. డబ్బులు తరవాత చూద్దాం, ముందు తినండి."

అప్పటినుంచి సైటుకి వెళ్ళినప్పుడల్లా అక్కడే తినేవాడు. ఆవిడకి హోటల్ రావడం సంతోషంగానే ఉంది. "మీ హోటల్లో దిగినోళ్ళు పొద్దున్నే నా దగ్గరికే వస్తారు. గదిలో ఒక్కళ్ళే కూర్చుని ఎవరు తింటారండి" అనేది.

కథ మారింది సెల్లారుతో. ఊళ్ళో ఎవరో చెప్పగా విని పల్లంరాజుగారు ఒకరోజు హడావిడిగా వచ్చారు. కింది అంతస్తు కార్లకి వదిలేస్తే నష్టం, అక్కడ రెస్టారెంటు పెట్టాలి, కార్లని భూమి లోపలికి దించాలి. రాజరత్నం సైటులో ఒక గొయ్యి తవ్వించి చూపించాడు. ఏడో అడుగులోనే నీళ్ళు ఊరాయి. గోదావరి పక్కన నేల, కింద అంతా ఇసకా బురదా.

"తవ్వాలంటే ముందు చుట్టూ ఇనపరేకులు దింపి మట్టిని ఆపాలండి. ఊట నీళ్ళు తోడుతుంటే నీళ్ళతోపాటు ఇసక వచ్చేస్తుంది. పక్కింటి పునాది మూడడుగులు కూడా లేదు. అది పాత సున్నం గోడ."

కాంట్రాక్టరు అమ్మిరాజు పక్కనే ఉన్నాడు. "ఈ ఊళ్ళో రేకులు ఎవరు దింపారండి? ఆ మిషను తెప్పించి దింపేసరికి రెండు నెలలు. నేను ఇంతకుముందు మూడు సెల్లార్లు తవ్వాను. ఏం కాలేదు."

పల్లంరాజుగారు రాజరత్నం వైపు చూశారు. "రెండు నెలలంటే వానలు పడిపోతాయండి. పుష్కరాలకి అందదు."

అప్పుడు కాదని చెప్పి ఉంటే పని పోయేది. ఇంకొకరు గీసేవారు. ఆ నడిమి ఖాళీ, ఆ కిటికీలు ఏవీ ఉండేవి కావు. రాజరత్నం ఆ మాటే తనకి తాను చెప్పుకున్నాడు. పక్కింటి వైపు ఎనిమిది అడుగులు వదిలి, మట్టిని ఏటవాలుగా కోస్తూ తవ్వాలని రాసి, సెల్లారు ప్లాను గీసి ఇచ్చాడు.

జూలైలో జేసీబీ దిగింది. మూడు రోజులు అతను ప్రిస్కిల్లాకి జ్వరమని సైటుకి వెళ్ళలేదు. నాలుగో రోజు వెళ్ళేసరికి గొయ్యి పది అడుగుల లోతుంది. దక్షిణం వైపు నూకరత్నం గోడకి మూడడుగుల దూరంలో మట్టిని నిట్టనిలువుగా కోసేశారు. కారు దిగే దారి మలుపు చాల్లేదని అమ్మిరాజు చెప్పాడు. రెండు మోటార్లు రాత్రీ పగలూ నీళ్ళు తోడుతున్నాయి. గొట్టంలోంచి పడే నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి.

రాజరత్నం పక్కింటి సందులోకి వెళ్ళి చూశాడు. వంటగది గోడ మీద నేలనుంచి కిటికీ దాకా సన్నటి బీట. ఇంటి కొలతలు చూసుకునే నెపంతో, బీటకి అడ్డంగా రెండు చోట్ల సిమెంటుతో గాజుముక్కలు అంటించాడు. గోడ కదిలితే గాజు విరుగుతుంది.

"ఏంటండీ అది?" అంది నూకరత్నం.

"ఏం లేదండి. ఊరికే చూసుకోడానికి."

మర్నాడు మధ్యాహ్నానికి రెండు గాజుముక్కలూ విరిగి ఉన్నాయి. అక్కడే నిలబడి పల్లంరాజుగారికి ఫోన్ చేశాడు. పని ఆపించి గొయ్యి ఇసకతో పూడ్చాలన్నాడు.

"రత్నంగారూ, ఇనుము కట్టేశారు గదా. మూడు రోజుల్లో అడుగున కాంక్రీటు పోసేస్తే మట్టి నిలబడుతుంది. అవునా కాదా?"

"నిలబడొచ్చండి. ఈ మూడు రోజులూ నిలబడాలి గదా."

"ఆవిణ్ణి మూడు రోజులు ఎక్కడన్నా ఉండమనండి. బస్టాండు దగ్గర ఏసీ రూము తీయిస్తాను. ఇప్పుడు పూడిస్తే ఆ స్థలం నాకు చెరువే అవుతుంది. మీరే చెప్పండి ఆవిడకి. మీ మాట వింటుంది."

రాజరత్నం అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ మర్నాటికి పప్పు నానబోస్తోంది. మూడు రోజులు వేరే చోట ఉండాలనీ, ఖర్చంతా వాళ్ళదేననీ చెప్పాడు.

"మూడు రోజులు పొయ్యి ఆపితే వాడికవాళ్ళు వేరే బండికి అలవాటు పడిపోతారండి. మళ్ళీ రారు" అంది ఆవిడ. తరవాత చేతులు తుడుచుకుని అతని మొహంలోకి చూసింది. "అపాయమా? ఉన్నదున్నట్టు చెప్పండి ఇంజినీరుగారూ. మీరు పొమ్మంటే ఈ పూటే పోతాను."

అపాయం అంటే ఆవిడ కొడుకుని పిలుస్తుంది. కొడుకు కార్పొరేషన్‌కి వెళ్తాడు. ప్లానులో ఎనిమిది అడుగులు, నేల మీద మూడడుగులు. పని ఆగిపోతుంది, లైసెన్సు పోతుంది. ఇదంతా అతని బుర్రలో ఒక్క క్షణంలో తిరిగింది.

"అంత అపాయమేం లేదండి. ముందుజాగ్రత్త, అంతే. పడుకోవడం మాత్రం ముందుగదిలో పడుకోండి."

"అలాగైతే ఇక్కడే ఉంటాను" అని ఆవిడ పప్పు గిన్నె మీద మూత పెట్టింది.

ఆ రాత్రంతా వాన. తెల్లారాక కూడా వదల్లేదు. పొద్దున్న తొమ్మిదిన్నరకి రాజరత్నం సైటు దగ్గర బండి దిగుతుండగా గోడ కూలింది. పెద్ద చప్పుడేం కాలేదు. తడి మట్టి జారిన చప్పుడు, దాని వెనకే పెంకులు గలగలా రాలిన చప్పుడు. అరుగు దగ్గర తింటున్నవాళ్ళు ప్లేట్లతో అలాగే రోడ్డు మీదికి వచ్చేశారు. పెనం మీద పెసరట్టు ఉంది. అది మాడుతూ పొగ వస్తుంటే ఎవరో పొయ్యి ఆపారు. ఆవిడ చట్నీ తేవడానికి వంటగదిలోకి వెళ్ళిందట.

వంటగది లేదు. గోడ, కప్పు, కింద నేల అన్నీ గోతిలోకి దిగిపోయాయి. రాజరత్నం చెప్పులు విడిచి దిగాడు. మోకాలి పైదాకా నీళ్ళు. కూలీలు, అతను కలిసి చేతులతో మట్టి లాగారు. పార వాడితే తగులుతుందని భయం. ముప్పావుగంట పట్టింది. మొదట చీర కొంగు దొరికింది. పైకి తీసుకొచ్చి అరుగు మీద పడుకోబెడితే, ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ మొహం కడిగారు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉంది. వేళ్ళు విప్పడం ఎవరివల్లా కాలేదు.

పల్లంరాజుగారు మధ్యాహ్నానికి వచ్చారు. అరుగు కింద కూర్చుని నిజంగానే ఏడ్చారు. కిరణ్ కుమార్ వచ్చాక అతని చేతులు పట్టుకుని మళ్ళీ ఏడ్చారు. నాలుగో రోజుకి ఆయన లాయరు టైపు చేసిన కాగితం రాజరత్నం ఆఫీసుకి వచ్చింది. గోడ వందేళ్ళ నాటిదనీ, అధిక వర్షంవల్ల తానంతట తాను కూలిందనీ, తవ్వకం ప్లాను ప్రకారమే జరిగిందనీ. కింద అతని పేరు, సంతకానికి ఖాళీ.

ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి ప్రిస్కిల్లా ముందు పెట్టాడు. ఆవిడ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను మూసి రెండుసార్లు చదివింది.

"ఇది నిజమేనా?"

"కాదు."

"ఆవిడకి తెలుసా, గోడ పడుతుందని?"

"నన్ను అడిగింది."

"మీరేం చెప్పారు?"

రాజరత్నం చెప్పాడు. ప్రిస్కిల్లా అతన్ని ఓదార్చలేదు, తిట్టలేదు. "నాకు జ్వరమని మీరు మూడు రోజులు ఇంట్లో ఉండిపోయారు" అంది. తన వంతు కూడా అందులో ఉందన్నట్టు. మళ్ళీ పెన్ను తీసింది గానీ, ఆ రాత్రి ఇంకొక పేపరు దిద్దలేదు.

అతను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. పోలీసులకి అంతా చెప్పాడు. ఎనిమిది అడుగులు మూడైన సంగతి, రేకులు వద్దన్న సంగతి, విరిగిన గాజుముక్కలు, ఫోన్లో మాట్లాడుకున్నది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. అరుగు దగ్గర ఆవిడ అడిగిందీ, తను అన్నదీ. వాళ్ళు అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

లైసెన్సు రద్దయింది. కేసులో మొదటి ముద్దాయి పల్లంరాజుగారు, రెండు అమ్మిరాజు, మూడు రాజరత్నం. మేడ మీది గది ఖాళీ చేశాడు. చర్చిలో జనం అతన్ని గౌరవంగానే పలకరించేవారు. నిజం చెప్పి నష్టపోయాడని పాస్టరుగారు ఒక ఆదివారం పేరు చెప్పకుండా ప్రసంగంలో అన్నారు. ఆ మాటకి అందరూ వెనక్కి తిరిగి క్వయర్లో అతని వైపు చూశారు. మరుసటి ఆదివారంనుంచి అతను క్వయర్లో నిలబడలేదు.

ఎనిమిది నెలలకి హోటల్ పని మళ్ళీ మొదలైంది. ఇంకొక ఇంజినీరు వచ్చాడు. ప్లానులో నడిమి ఖాళీని తీసేసి అంతస్తుకి రెండేసి గదులు పెంచారు. లోపలి గదులకి కిటికీలు పోయాయి. నూకరత్నం స్థలం కూడా పల్లంరాజుగారే కొన్నారని విన్నాడు. ఎవరి దగ్గరనుంచి కొన్నారో అడగలేదు.

కోర్టు వాయిదాకి రెండు రోజుల ముందు కిరణ్ కుమార్ ఇంటికి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, మొహం తల్లిదే. ప్రిస్కిల్లా ఇచ్చిన టీ తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"మేము రాజీ పడిపోయామండి. కింద రెస్టారెంటు పక్కన నాకు టిఫిన్ కౌంటర్ ఇస్తానని రాసిచ్చారు. ఫ్యాక్టరీ పని ఎలాగూ నడవట్లేదు, ఇద్దరు ఆడపిల్లలు. అమ్మ ఎలాగూ రాదు." కళ్ళెత్తలేదు. "మీరు చెప్పిన వాంగ్మూలం ఒక్కటే అడ్డమండి. మా అమ్మ తరఫున నిలబడింది ఊరంతటిలో మీరొక్కరే. మిమ్మల్ని వెనక్కి తగ్గమని అడగడానికి సిగ్గుగా ఉంది."

రాజరత్నం ఆ మాట భరించలేకపోయాడు. "నేను ఆవిడ తరఫున నిలబడలేదు బాబూ. ఆవిడ నన్ను అపాయమా అని అడిగింది. పొమ్మంటే పోతానంది. లేదని చెప్పాను. అపాయమని నాకు తెలుసు. తెలిసే చెప్పాను."

కిరణ్ కుమార్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకు ఆ రోజే తెలుసండి. సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. గోడ బీట ఇచ్చింది, ఇంజినీరుగారు పర్వాలేదన్నారు అంది. సామర్లకోట వచ్చేయమందామనుకున్నాను. మాది ఒకటే గది. అందుకని, ఆయన అన్నారు గదా, ఉండిపో అన్నాను." లేచి నిలబడ్డాడు. "మీరు చెప్పింది అబద్ధమని ఇప్పుడు తెలిసింది. నేను పొరబాటని అనుకున్నాను ఇన్నాళ్ళూ."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కోర్టులో మేజిస్ట్రేటు నేరారోపణ చదివి ఒక్కొక్కరినీ అడిగారు. పల్లంరాజుగారు కాదన్నారు. అమ్మిరాజు కాదన్నాడు. రాజరత్నం ఒప్పుకుంటున్నానన్నాడు. అతని లాయరు చెయ్యి పట్టుకు లాగాడు. ఆలోచించుకోడానికి గడువు కావాలా అని మేజిస్ట్రేటు రెండుసార్లు అడిగారు. అక్కర్లేదన్నాడు. అరుగు దగ్గర జరిగినది మొత్తం చెప్పాడు. టైపు చేసే అమ్మాయికి సరిగ్గా వినపడక, "ఆఖరి మాట మళ్ళీ చెప్పండి" అంది. "అంత అపాయమేం లేదండి అన్నాను" అని విడమరిచి మళ్ళీ చెప్పాడు.

అతనికి ఆరు నెలలు వేశారు. మిగతా ఇద్దరి కేసూ ఇంకా నడుస్తూనే ఉంది. సాక్షులు ఒక్కొక్కరే తమకేమీ తెలియదంటున్నారు. రాజరత్నం జైల్లో ఉండగానే హోటల్ తెరిచారు. ఆ ప్రారంభానికి కిరణ్ కుమార్ పిల్లలిద్దరూ కొత్త గౌన్లు వేసుకుని వచ్చారని ప్రిస్కిల్లా ములాఖత్తులో చెప్పింది. అతను తలూపాడు.

వేసవి మొదట్లో విడుదలయ్యాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. బజారు పని, వంట పని అతనిదే. ప్రిస్కిల్లా ఉద్యోగం మీద ఇల్లు నడుస్తోంది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంటుంది.

మొన్నీమధ్య వీధి చివర జీవరాజు అనే ఆయన వచ్చాడు. తన స్థలంలో నీళ్ళ సంపు కోసం లోతుగా తవ్విస్తున్నాడట. పక్కవాళ్ళు గొడవ చేస్తున్నారు, ఒకసారి చూసి ఏం కాదని చెప్పమన్నాడు. రాజరత్నం చెప్పులు వేసుకుని వెళ్ళాడు. మట్టి చేతిలోకి తీసుకుని నలిపాడు. పక్కింటి పునాది ఎంత ఉందో చూశాడు. ఆ ఇంట్లో ముసలాయన ఒకడు మంచం మీద కూర్చుని వీళ్ళనే చూస్తున్నాడు.

"తవ్వకండి. అపాయం" అన్నాడు రాజరత్నం. ముసలాయనకి కూడా వినపడేలా అన్నాడు.

జీవరాజు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మరీ అంత లోతేం కాదు గదండి" అన్నాడు. రాజరత్నం అదే మాట మళ్ళీ అన్నాడు. జీవరాజు సరేనని తలూపి, జేబులోంచి ఫోన్ తీసి, ఇంకొకరిని అడగడానికి వీధి మలుపు వైపు నడిచాడు.